వేరుశనగ, శాటిలైట్, నానో: మూడు రంగాల్లో రాసిన శాస్త్రవేత్త సైటేషన్లను ఎట్లా తూచాలి?

పెన్నేటి గట్టు (అనంతపురం)
ఒక శాస్త్రవేత్త పరిశోధన మీద కమిటీకి రెండు పేజీల నోట్ తయారు చేయాలి. పేరు, సంస్థ ఇక్కడ వద్దు. పాతికేళ్ల సర్వీసు. మొదట్లో వేరుశనగ సాగు, నేలలో తేమ మీద పేపర్లు. మధ్యలో ఉపగ్రహ చిత్రాలతో కరువు అంచనా. గత ఆరేడేళ్లుగా నానో పదార్థాల వాళ్లతో కలిసి రాసినవి. సైటేషన్ల (వేరే పేపర్లు ఈయన పేపర్లను ఉదహరించిన లెక్క) మీద తీసే హెచ్-ఇండెక్స్ గూగుల్ స్కాలర్‌లో 31, స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో 19. ఏది రాయాలి? మూడు రంగాలకూ కలిపి ఒకే అంకె చెప్పడం సబబేనా? కమిటీలో సివిల్ ఇంజినీరింగ్ వాళ్లు ఇద్దరు, మ్యాథ్స్ ఆయన ఒకరు. "31 అంటే ఎక్కువా తక్కువా?" అన్నదే మొదటి ప్రశ్నగా వస్తుంది.

బురుజు నీడ (కర్నూలు)
రెండూ రాయండి, పక్కనే చూసిన తేదీ వేయండి. తేదీ లేని సైటేషన్ అంకెకు విలువ లేదు.

స్కాలర్‌లో దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. థీసిస్‌లు, ప్రీప్రింట్లు, కాన్ఫరెన్స్ పేపర్లు, యూనివర్సిటీ సైట్లో పెట్టిన పీడీఎఫ్‌లు, అన్నిట్లోని రెఫరెన్సులనూ అది లెక్కేస్తుంది. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, పుస్తకాలు, కాన్ఫరెన్సుల వరకే చూస్తుంది. వ్యవసాయంలో మన దేశపు జర్నళ్లు చాలా స్కోపస్ బయటే ఉన్నాయి కాబట్టి వేరుశనగ పేపర్లకు తేడా ఎక్కువ రావడం సహజం. నానో పేపర్లకు అంత తేడా రాకూడదు. మొత్తం మీద 12 తేడా అంటే మాత్రం ఇంకో అనుమానం పెట్టుకోవాలి. స్కాలర్ ప్రొఫైల్లో వేరేవాళ్ల పేపర్లు కలిసిపోయి ఉండొచ్చు, స్కోపస్‌లో ఈయన పేపర్లు రెండు మూడు ఐడీల కింద చీలిపోయి ఉండొచ్చు. అది తేలేదాకా మిగతా లెక్క మొదలుపెట్టొద్దు.

గండికోట లైబ్రరీ (కడప)
మన పేర్లతో వచ్చే తిప్పలే అవి. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, చివర రెడ్డో నాయుడో. ఒకే మనిషి ఒక జర్నల్లో "జి. వెంకటరెడ్డి", ఇంకోదాంట్లో "రెడ్డి జి.వి.", మూడోదాంట్లో "వెంకట రెడ్డి గొ." అయిపోతాడు. డేటాబేస్ చివరి ముక్కను ఇంటిపేరు అనుకుంటుంది. రాయలసీమలో "రెడ్డి వి." అని వెతికితే ఎంతమంది దొరుకుతారో చెప్పక్కర్లేదు.

చేయాల్సిన పని ఈ వరసలో:

ముందు ఆ శాస్త్రవేత్త దగ్గరి నుంచే పేపర్ల జాబితా తీసుకోండి, ప్రతిదానికీ డీఓఐ (పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు) నంబరుతో. డీఓఐ లేనివాటికి సంపుటి, సంచిక, పేజీలు. ఇదే మీ మూల జాబితా. ఇంక ఏ డేటాబేస్‌నైనా దీనితోనే సరిపోల్చాలి.

తర్వాత స్కోపస్‌లో ఆథర్ సెర్చ్. సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా ఉచిత ప్రివ్యూలో ప్రొఫైల్, పేపర్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి. ఇంటిపేరును, చివరి ముక్కను తారుమారు చేసి వెతకండి. పాత సంస్థ పేరుతో కూడా వెతకండి, ఎందుకంటే మనిషి సంస్థ మారినప్పుడే కొత్త ఐడీ పుట్టుకొస్తుంది. రెండు ఐడీలు దొరికితే కలపమని ఆథర్ ఫీడ్‌బ్యాక్ ద్వారా అడగాలి. ఆ శాస్త్రవేత్తే అడిగితే పని తొందరగా అవుతుంది. కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కమిటీ ముందు రోజు పెట్టుకోవద్దు.

స్కాలర్‌లో మూడు చూడండి. సైటేషన్ అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉందంటే వేరే ఎంట్రీలను దాంట్లో కలిపారని అర్థం. నొక్కి చూస్తే ఏవి కలిశాయో తెలుస్తుంది. ఇక సంవత్సరం ప్రకారం పేర్చి అడుగుకు వెళ్లండి. ఆయన చదువుకుంటున్న కాలం కంటే ముందు అచ్చయిన పేపర్ ఉంటే అది ఇంకొకరిది. చివరగా సెట్టింగుల్లో "ఆటోమేటిక్‌గా చేర్చు" అని ఉంటే దాన్ని "ముందు నాకు మెయిల్ పంపు"కు మార్చమని ఆయనకు చెప్పండి. చాలా ప్రొఫైళ్లు ఉబ్బేది దీనివల్లే, అందరిదీ మోసం అనుకోవద్దు.

ఆర్కిడ్ ఐడీ, అంటే పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు నంబరు, 2012 నుంచి ఉంది, 16 అంకెలది. మనవాళ్లు తీసుకుంటారు గానీ ఖాళీగా వదిలేస్తారు. లోపల పేపర్లు లేని ఆర్కిడ్ వల్ల ఉపయోగం లేదు.

ఎర్రనేల (అనంతపురం)
పేర్ల సంగతి తేలిందనుకుందాం. మ్యాథ్స్ ఆయనకు హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటో ఒక వరసతో చూపించండి, లేకపోతే అరగంట అక్కడే పోతుంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత అది. పేపర్లను సైటేషన్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చితే, తన వరస నంబరుకు తగ్గకుండా సైటేషన్లున్న చివరి పేపర్ నంబరే హెచ్. ఊహకు ఎనిమిది పేపర్లు, సైటేషన్లు 48, 33, 21, 12, 9, 6, 5, 2. ఆరో పేపర్‌కు 6 ఉన్నాయి, ఏడోదానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్ 6. మొదటి పేపర్‌కు 48 బదులు 4,800 ఉన్నా హెచ్ 6 దగ్గరే ఆగుతుంది. దాని బలహీనత అదే.

దాన్ని సరిచేయడానికి ఎగ్గె 2006లో జీ-ఇండెక్స్ తెచ్చాడు. పైనుంచి జీ పేపర్ల సైటేషన్లు కలిపితే జీ వర్గానికి (జీ × జీ) తగ్గకూడదు, అట్లా కుదిరే అతిపెద్ద అంకే జీ. పై వరసలో మొత్తం 136. ఉన్న ఎనిమిది పేపర్లతోనే ఆపితే జీ 8. సున్నా సైటేషన్ల పేపర్లను ఊహించి కింద చేర్చుకుంటూ పోతే 11 దాకా పోతుంది, ఎందుకంటే 121 కంటే 136 ఎక్కువ, 144 కంటే తక్కువ. సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగానూ లెక్కిస్తాయి. జీ రాస్తే ఏ పద్ధతో కూడా రాయండి.

మూడు రంగాలకు వేరువేరుగా హెచ్ తీస్తే ఊహకు 9, 11, 12 వచ్చాయనుకోండి. అవి కలిపితే 32 కాదు, మొత్తానికి హెచ్ 19 ఉండొచ్చు. హెచ్‌లను కూడకూడదు. సగటు తీయడం కూడా తప్పే.

బురుజు నీడ (కర్నూలు)
అసలు చిక్కు ఇక్కడే. గణిత పేపర్లో రెఫరెన్సులు తక్కువ, జీవరసాయనంలో బారెడు జాబితా. నానో పేపర్ వచ్చిన ఆరు నెలలకే సైటేషన్లు మొదలవుతాయి, సాగు పద్ధతుల పేపర్‌కు రెండు మూడు పంటకాలాలు గడవాలి. నానోలో రాసేవాళ్లే లెక్కలేనంత మంది. ఒక్కో రంగానికి కొలతే వేరు. పత్తిని క్వింటాళ్లలో, సజ్జలను పడిలో కొలిచి రెండు అంకెలూ కూడినట్టు ఉంటుంది ఒకే హెచ్ రాస్తే.

బరైటీస్ (కడప)
మా భూగర్భ శాస్త్రం సంగతి ఇంకా వేరే. విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద జియలాజికల్ సర్వే మెమాయిర్ (పెద్ద పరిశోధన నివేదిక) రాసింది 1872లో. కడప బేసిన్ మీద పని చేసేవాళ్లు ఈరోజుకీ దాన్ని రెఫర్ చేస్తారు. జర్నళ్లను కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క చూడండి: ఒక ఏడాదిలో వచ్చిన సైటేషన్లలో అంతకు ముందరి రెండేళ్ల పేపర్లకు వచ్చినవి మాత్రమే తీసుకుని, ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. నూటయాభై ఏళ్లు నిలిచే పనికి రెండేళ్ల కిటికీ. ఇట్లాంటి పాత మెమాయిర్లు స్కోపస్‌లో సొంత రికార్డుగా ఉండవు. సెకండరీ డాక్యుమెంట్స్ అనే మీట నొక్కితేనే బయటపడతాయి, అదీ నాలుగైదు రకాల స్పెల్లింగులతో. వేరుశనగ మీద పాత బులెటిన్లు, ఏఐసీఆర్‌పీ (అఖిల భారత సమన్వయ పరిశోధన ప్రాజెక్టు) రిపోర్టులు రాసినాయన అయితే అక్కడ తప్పకుండా చూడండి.

పెన్నేటి గట్టు (అనంతపురం)
అయితే రంగం వారీగా ఎట్లా సరిపోల్చాలి? స్కోపస్ డేటాతో ఇట్లాంటి లెక్కలు తీసే సైవల్ సబ్‌స్క్రిప్షన్ లేదు.

చిత్రావతి డేటా (అనంతపురం)
ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల డేటాబేస్ వాడండి, ఉచితం. మైక్రోసాఫ్ట్ అకడమిక్ అనే పాత డేటాబేస్ మూతపడ్డాక 2022లో మొదలైంది. ప్రతి పేపర్‌నూ దాదాపు 4,500 టాపిక్‌లలో ఒకదానికి జతచేస్తుంది, అవి 252 ఉపరంగాల కింద, ఆ ఉపరంగాలు 26 రంగాల కింద ఉంటాయి. ఆథర్ పేరుతో వెతకొద్దు, అక్కడ కూడా పేర్లు కలిసిపోతాయి. లైబ్రరీ వారు చెప్పిన డీఓఐ జాబితాతోనే లాగి సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) దించుకోండి. ఎఫ్‌డబ్ల్యూసీఐ, పర్సెంటైల్ రెండూ వస్తాయి.

ఎఫ్‌డబ్ల్యూసీఐ అంటే ఆ పేపర్‌కు వచ్చిన సైటేషన్లను, అదే రంగంలో అదే ఏడాది వచ్చిన అదే రకం పేపర్లకు సగటున వచ్చిన సైటేషన్లతో భాగించడం. 1.00 అంటే ప్రపంచ సగటు. స్కోపస్ దాన్ని అచ్చయిన ఏడాది, తర్వాతి మూడేళ్ల సైటేషన్లతో లెక్కిస్తుంది. లెక్కలోకి తీసుకునే పేపర్లు, రంగాల విభజన వేరు కాబట్టి స్కోపస్ అంకె, ఓపెన్‌అలెక్స్ అంకె ఒకటి కావు. రెంటినీ ఒకే పట్టికలో కలపొద్దు.

బోర్లా పడేది ఎక్కడంటే సగటు దగ్గర. ఊహకు పది పేపర్లు: తొమ్మిదింటికి 0.4, ఒకదానికి 16. సగటు 1.96. చూసేవాళ్లకు ప్రపంచ సగటుకు రెట్టింపు! మధ్యగతం (వరసగా పేర్చితే నడిమి అంకె) 0.4 మాత్రమే. ఆ పదహారుది చాలాసార్లు ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ పేపరో, ఇరవై మంది రాసిన ఉమ్మడి పేపరో అయి ఉంటుంది. అందుకే ప్రతి రంగానికీ పేపర్ల సంఖ్య, మధ్యగతం, పై 10 శాతంలో పడ్డ పేపర్లు ఎన్ని, ఈ మూడూ రాయండి. గత రెండేళ్ల పేపర్లను లెక్కలోంచి తీసి విడిగా పేర్కొనండి. వాటికి ఒక్క సైటేషన్ అటూ ఇటూ అయితే అంకె ఎగిరి దూకుతుంది.

రివ్యూలు, పరిశోధన పేపర్లు కలపకండి. రివ్యూకు సహజంగానే సైటేషన్లు ఎక్కువ.

సీమ స్కేల్ (కర్నూలు)
ఇదంతా ఎవరు చూస్తారన్నా? ప్రమోషన్ కమిటీ చూసేది యూజీసీ 2018 రెగ్యులేషన్ల టేబుల్ 2. సైన్సులో పేపర్‌కు 8 పాయింట్లు, ఆర్ట్స్, భాషల్లో 10. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రిఫరీడ్ జర్నల్‌కు అదనంగా 5, ఒకటి లోపు 10, 1 నుంచి 2కు 15, 2 నుంచి 5కు 20, 5 నుంచి 10కి 25, పైన 30. లెక్క అయిపోయింది.

గండికోట లైబ్రరీ (కడప)
అయిపోలేదు, పంపకం మిగిలింది. సైన్సు పేపర్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.4, రాసినవాళ్లు నలుగురు అనుకుంటే 8కి 20 కలిపి 28. మొదటి ఆథర్‌కు గానీ కరెస్పాండింగ్ ఆథర్‌కు గానీ 70 శాతం, అంటే 19.6. మిగతా వాళ్లకు 30 శాతం చొప్పున 8.4. ఇద్దరే రాస్తే చెరో 70 శాతం. ఇక యూజీసీ ఆమోదించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి జర్నల్ నాణ్యత చూసే బాధ్యత సంస్థ మీదే పడింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను జర్నల్ వెబ్‌సైట్ మీద నమ్మొద్దు. క్లారివేట్ సంస్థ ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉన్నదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. "గ్లోబల్", "సైంటిఫిక్" అని ముందు ఏదో తోక తగిలించిన అంకెలు వేరే సరుకు.

ఎర్రనేల (అనంతపురం)
@సీమ స్కేల్, ఆ టేబుల్ అర్హత తేల్చడానికి, ప్రభావం తేల్చడానికి కాదు. అందులో సైటేషన్ అన్న మాటకు చోటే లేదు, జర్నల్‌కు ఉన్న పేరును పేపర్‌కు అంటగడుతుంది. నానోలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5 దాటిన జర్నళ్లు బోలెడు. గణితంలో మంచి జర్నల్‌కే 1, 2 మధ్య ఉండటం మామూలు. అదే టేబుల్ ఇద్దరికీ పెడితే నానో ఆయన కూర్చున్నచోటే గెలుస్తాడు. జర్నల్ కొలతలతో మనుషులను కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015లో లైడెన్ మ్యానిఫెస్టో చెప్పింది ఇదే.

సీమ స్కేల్ (కర్నూలు)
చెప్పొచ్చు. జీతం స్లిప్పు మాత్రం టేబుల్ 2 ప్రకారమే మారుతుంది. సరే, స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం జాబితాలో ఉంటే చాలు కదా? ఏటా పేపర్లో ఫోటో, గేటు దగ్గర ఫ్లెక్సీ.

చిత్రావతి డేటా (అనంతపురం)
ఫ్లెక్సీ కట్టేముందు ఎక్సెల్ తెరవాలి. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే అవార్డు కాదు. అయొనిడిస్, ఆయనతో పాటు మరికొందరు స్కోపస్ డేటాతో తయారుచేసి 2019 నుంచి అందరికీ పెడుతున్న పట్టిక. రెండు జాబితాలు ఉంటాయి: ఒకటి మొత్తం కెరీర్‌ది, ఇంకోటి ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లది. మనవైపు వార్తల్లో వచ్చేవాటిలో చాలావరకు రెండోది. ఏదో తెలియకుండా నోట్‌లో రాయొద్దు.

మీ ప్రశ్నకు నిజంగా పనికొచ్చేది అందులోని మూడు నిలువు వరుసలు. మొదటి ఉపరంగం, అందులో ఆయన పేపర్లు ఎంత భాగం, తర్వాత రెండో ఉపరంగం. మొత్తం 174 ఉపరంగాలు. మూడు రంగాల మనిషికి మొదటి ఉపరంగం భాగం 0.4 లాగా ఉంటుంది, కానీ ఉపరంగం ర్యాంకు మాత్రం ఆ ఒక్కదాంట్లోనే ఇస్తారు. నానో సైటేషన్లు మోసుకొచ్చి వ్యవసాయం గుంపులో ర్యాంకు కొట్టినట్టు అవుతుంది, లేదా తలకిందులుగా. స్వీయ సైటేషన్లు తీసేసిన ర్యాంకు, ఉంచిన ర్యాంకు పక్కపక్కనే ఉంటాయి, స్వీయ సైటేషన్ల శాతం కూడా.

స్కోరులో ఆరు అంశాలు: మొత్తం సైటేషన్లు, హెచ్, కో-ఆథర్ల సంఖ్యతో సరిచేసిన హెచ్‌ఎం, ఒంటరిగా రాసినవాటి సైటేషన్లు, ఒంటరి-మొదటి స్థానం కలిపి, ఒంటరి-మొదటి-చివరి కలిపి. మన వ్యవసాయ పేపర్లలో గైడ్ పేరు తరచుగా రెండోది. ఆరింట్లో మూడింటికి ఆయనకు ఏమీ దక్కదు. గణితంలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు కాబట్టి మొదటి, చివరి స్థానాలకు అర్థమే లేదు.

బరైటీస్ (కడప)
కో-ఆథర్ల మాట వచ్చింది కాబట్టి: హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పేపర్‌కు 5,154 మంది ఆథర్లు. దాని సైటేషన్లు అందరి ప్రొఫైళ్లలోనూ పూర్తిగా పడతాయి. నానో పేపర్లలో పద్నాలుగు మంది ఉంటే సైటేషన్లను 14తో భాగించి ఇంకో వరుస పెట్టండి. పబ్లిష్ ఆర్ పెరిష్ సాఫ్ట్‌వేర్‌లో ఇది తయారుగా ఉంటుంది: కో-ఆథర్లతో భాగించి, హెచ్ తీసి, మొదటి పేపర్ వచ్చినప్పటి నుంచి గడిచిన ఏళ్లతో భాగిస్తుంది. స్కాలర్ నుంచి లాగితే ఒక వెతుకులాటకు 1,000 ఫలితాల పరిమితి ఉంది, గుర్తుంచుకోండి. మరీ వేగంగా లాగితే స్కాలర్ తలుపు మూసేస్తుంది.

గండికోట లైబ్రరీ (కడప)
ఇంకో కోణం. అత్యధికంగా సైట్ అయిన పేపర్ ఏదో తెలుసా? 1951లో లౌరీ బృందం ప్రోటీన్ కొలత మీద రాసింది, 3 లక్షలు దాటాయి. అంటే పద్ధతి చెప్పే పేపర్‌కు వచ్చే సైటేషన్, ఆలోచనకు వచ్చే సైటేషన్ ఒకటి కావు. మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలత పద్ధతికి కూడా వేలల్లో ఉన్నాయి. అందులోనూ పేరు తిప్పలే, సుబ్బరౌ అని ఒకచోట, సుబ్బ రౌ అని ఇంకోచోట.

దీనికి ఎదురు సంగతి గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిది. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన పేపర్. అంచనాలో పొరపాటు ఎంతకంటే తగ్గదో చెప్పే క్రేమర్-రావు హద్దు అందులోదే, దాన్ని రాడార్లోనూ, సిగ్నల్ ప్రాసెసింగ్‌లోనూ, ఎమ్మారై లెక్కల్లోనూ వాడతారు. కానీ పేరు చెప్పి ఊరుకుంటారు, రెఫరెన్సు ఇవ్వరు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది ఈ పనికే. ఇంకో రంగంలోకి బాగా ఇంకిపోయిన పని సైటేషన్‌లో కనిపించదు. మీ కమిటీలోని మ్యాథ్స్ ఆయనకు ఇది ఒక్కటి చెప్తే చాలు, మిగతాది ఆయనే వివరిస్తాడు.

కే-6 (కదిరి)
నేను అడగాలనుకున్నది అదే. మా కదిరి స్టేషన్ వేరుశనగ రకం కే-6 అనంతపురం జిల్లాలో పాత రకం టీఎంవీ-2 స్థానంలోకి వచ్చింది. రైతు సైటేషన్ ఇవ్వడు, విత్తనం వేస్తాడు. మీ శాస్త్రవేత్తకు మొదటి దశలో రకం విడుదలలో భాగం ఉంటే దానికి ఆధారాలు వేరు: నోటిఫికేషన్ గెజిట్ నంబరు, బ్రీడర్ సీడ్ ఇండెంట్ (మూల విత్తనానికి వచ్చిన గిరాకీ) ఏడాదివారీగా, సబ్సిడీ విత్తన పంపిణీలో ఆ రకం వాటా, మొక్కల రకాల పరిరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్. వీటిని హెచ్-ఇండెక్స్ పక్కన కాకుండా విడి పేరాలో పెట్టండి. పక్కన పెడితే కమిటీ కన్ను అంకె మీదికే పోతుంది. విడుదల బృందంలో ఆయన పాత్ర ఏమిటో కూడా రాయాలి. క్రాసింగ్ చేశారా, బహుళ స్థల పరీక్షలు చూశారా అన్నది తేడా.

బురుజు నీడ (కర్నూలు)
నానో భాగం పంపేముందు రెండు తనిఖీలు తప్పనిసరి. ఒకటి, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్, అంటే జర్నళ్లు వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా. 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని ఉచితం చేసింది. డీఓఐలతో సరిపోల్చండి. పేపర్ల మీద చర్చ జరిగే పబ్‌పీర్ సైట్లో బొమ్మల మీద అభ్యంతరాలు ఉన్నాయా చూడండి. ఉన్నంత మాత్రాన తప్పని కాదు, కమిటీకి ముందే తెలిసి ఉండాలి. రెండు, ఆయన్ను సైట్ చేసినవాళ్లు ఎవరు? స్కోపస్‌లో స్వీయ సైటేషన్లు తీసేసే మీట ఉంది, "అందరు ఆథర్ల" స్వీయ సైటేషన్లు తీసేదే ఎంచుకోండి. ఆ తర్వాత కూడా సైటేషన్లలో పెద్ద భాగం మూడు నాలుగు జర్నళ్ల నుంచో, ఒకే గుంపు నుంచో వస్తుంటే ఆగి చూడాలి. గణితంలో ఇట్లాంటి గుంపుల వల్లే క్లారివేట్ 2023 హైలీ సైటెడ్ జాబితాలోంచి ఆ రంగాన్నే పక్కనపెట్టింది.

పెన్నేటి గట్టు (అనంతపురం)
చాలా దొరికింది. ఒక్కటే మిగిలింది. నానో పదార్థాన్ని వేరుశనగ గింజకు పట్టించిన పేపర్లు ఐదున్నాయి. వాటిని ఏ రంగంలో వేయాలి? ఓపెన్‌అలెక్స్ రెండింటిని వ్యవసాయంలో, మూడింటిని పదార్థ శాస్త్రంలో పెట్టింది.

చిత్రావతి డేటా (అనంతపురం)
యంత్రం ఇచ్చిన టాపిక్‌ను ఆధారంగా చూపండి గానీ ఆ ఐదింటికీ రెండు రంగాల సగటుతోనూ లెక్కించి రెండు అంకెలూ రాయండి. వ్యవసాయం సగటుతో 2.1 వచ్చి, పదార్థ శాస్త్రం సగటుతో 0.8 వచ్చిందనుకోండి, రెండూ నిజమే. ఏ రంగం వాళ్లు వాటిని సైట్ చేశారో ఇంకో వరుసలో పెట్టండి. సైట్ చేసిన పేపర్ల టాపిక్‌లు కూడా సీఎస్‌వీలో దించుకోవచ్చు. వ్యవసాయం వాళ్లే ఎక్కువగా వాడుంటే మొదటి అంకెను ముందు పెట్టండి.

ఎర్రనేల (అనంతపురం)
ఆ ఐదింటినీ రెండు రంగాల్లోనూ వేసి పేపర్ల మొత్తం మాత్రం పెంచొద్దు. చెరో అర వేయండి, కింద ఒక వాక్యం రాయండి. సివిల్ వాళ్లు కూడిక సరిచూస్తారు.